అరవై నాలుగో కోపు

జయక్కతో ఒకే వంటింట్లో పని చేయాలంటే ముందు మన కాళ్ళు మనం కాపాడుకోవాలి. ఆవిడ పొయ్యి ముందు నిలబడి సంబూసాలు, అదే సమోసాలు, వేయిస్తుంటే చేతులు వాటి పని అవి చేస్తాయి, కాళ్ళు మాత్రం వేరే లోకంలో ఉంటాయి. కుడికి రెండడుగులు, ఎడమకి ఒకటి, ఆపైన గిరుక్కున ఒక చుట్టు. వెనక మనిషి ఉందా లేదా అన్న ధ్యాసే ఉండదు. నేను ఈ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే రెండుసార్లు నా కాలు తొక్కింది, మూడోసారి చిల్లుల గరిటెతో మోచేతి మీద చురక పెట్టింది. అసలే నాది దురుసు నోరు.

"ఏందక్కా ఇది, ఒకచోట నిలబడలేవా?" అన్నాను.

"పదకొండో కోపే ఇది. మధ్యలో ఆపితే కాళ్ళు లాగేత్తాయి" అంది, తప్పంతా నాదే అన్నట్టు.

నా పేరు షబ్నమ్. మాది కడప. మా పేటలో తిరునాళ్ళ రోజు కోలాటం పోతుంటే గోడెక్కి చూసేదాన్ని గానీ, దాంట్లో వేసే ఒక్కో వరసనీ కోపు అంటారని, ప్రతి కోపుకీ ఒక పేరూ ఒక లెక్కా ఉంటాయని, ఎప్పుడు ఏది పడాలో విజిల్ వేసి చెప్పడానికి మధ్యలో ఒక మనిషి ఉంటారని నాకు తెలియదు. జయక్క ఆ మనిషి. కోనసీమలో కొత్తలంక అనే ఊళ్ళో పదహారు మంది ఆడవాళ్ళకి ఏడేళ్ళు విజిల్ వేసింది. ఇప్పుడు సౌదీలో హుఫూఫ్ అనే ఊళ్ళో, ఈ ఇంట్లో నాతో పాటు వంటా, ఇల్లూ, పిల్లలూ చూసుకుంటోంది. గుమ్మం దాటి బయటికి పోవడమంటే నెలకోసారి మేడమ్‌తో బజారుకి, అంతే. అలాంటి మనిషి కాళ్ళు ఊరుకోమంటే ఊరుకుంటాయా?

కాళ్ళతో పోయేదైతే ఏదో ఒకటనుకోవచ్చు. ఫోన్ల గోల ఒకటి. ఊరు వదిలేటప్పుడు విజిల్ కావ్య అనే అమ్మాయి చేతిలో పెట్టి వచ్చింది. ఆ పిల్ల మందుల షాపులో పని చేస్తూ, సాయంత్రాలు బృందాన్ని ఆడిస్తుంది. అంతా వచ్చి నిలబడ్డాక ఏదో ఒకటి మర్చిపోతుంది. వెంటనే ఇక్కడికి ఫోను. కావ్య ఒక్కతే కాదు, జయక్క చుట్టుపక్కల ఊళ్ళలో నేర్పిన వాళ్ళు మరో ఐదుగురున్నారు. అక్కడ సాయంత్రమంటే ఇక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ. మజ్లిస్‌లో, అంటే ముందుగదిలో, చుట్టాలు కూర్చుని ఉంటారు, జయక్క భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని "మూడు దెబ్బలే, మూడే, ఆ తర్వాత జారిపోండి" అంటూ కబ్సా అన్నం పళ్ళెం మోసుకెళ్తుంది. ఒకరోజు మేడమ్‌కి ఒళ్ళు మండింది. ఫోను తీసుకుని వారం పాటు సొరుగులో పెట్టేసింది.

ఆ వారం జయక్కని చూడాలి. ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చింది. మెట్లు ఎక్కి దిగి, దిగి ఎక్కి, పిల్లలు నవ్వేదాకా తిరిగింది. ఫోను చేతికొచ్చిన రోజు నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"షబ్బూ, నువ్వు ఊళ్ళో జిరాక్స్ షాపులో కంప్యూటర్ కొట్టేదాన్ననేదానివి కదా. ఇయ్యన్నీ ఒకచోట రాసి పెట్టేత్తే అందరూ ఫోన్లో చూసుకునేలా అవుద్దా? నన్నడగరు ఇంక."

"అవుతాది. లింకు పంపిస్తే యాడున్నోళ్ళు ఆడే చూసుకోవచ్చు. వాళ్ళకి తెలిసింది వాళ్ళు గూడా రాయొచ్చు."

"అదే కావాలి" అంది.

అలా మొదలైంది మా పట్టిక. నా ఫోన్లో పెద్ద షీటు తెరిచాను. కోపు పేరు ఒక గడి, ఎన్ని జంటలు, ఎన్ని దెబ్బలు, ఎటు తిరగాలి, విజిల్ ఎప్పుడు, చెప్పినవారు ఎవరు, ఒక్కోదానికి ఒక్కో గడి. నేను పావుగంట పని అనుకున్నాను. నాకేం తెలుసు. జయక్కకి కోపులు నోట్లో లేవు, కాళ్ళలో ఉన్నాయి. చెప్పమంటే లేచి ఆడుతుంది, ఆడితే నాకు అర్థం కాదు, మాటల్లో చెప్పమంటే తడబడుతుంది. చివరికి దారి ఆవిడే కనిపెట్టింది. గహ్వా అనే అరబ్బు కాఫీ తాగే చిన్న కప్పులు, ఇక్కడ ఫింజాన్లంటారు, పదహారు తెచ్చి పెద్ద ట్రేలో గుండ్రంగా పెట్టింది. ఎనిమిది బోర్లా, ఎనిమిది వెల్లకిలా. బోర్లావి లోపలి వరస, వెల్లకిలవి బయటి వరస. నోటితో టక్కు టక్కు మంటూ ఒక్కో కప్పునీ జరుపుతుంటే నేను చూసి రాసుకునేదాన్ని. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక గంటన్నర మాకు దొరికేది. రోజుకి ఒకటి, మహా అయితే రెండు కోపులు. ఒక కప్పు పగిలింది కూడా. దాని బదులు నిమ్మకాయ పెట్టుకున్నాం.

ఇరవై కోపులయ్యాక కావ్యకి లింకు పంపాం. కావ్య ఇంకెవరికో పంపింది. రెండు నెలలు తిరిగేసరికి మాకు మొహం తెలియని వాళ్ళు కూడా దాంట్లో రాస్తున్నారు. ఒకరోజు ఒక గొంతు మెసేజ్ వచ్చింది.

"అక్కా నమస్తే. నేను మొండయ్యను, మాది జగిత్యాల దిక్కు. ఈడ సౌదీలనే, ఖఫ్జీల ఏసీల పని చేస్త. శుక్రారం పొద్దుగాల మా క్యాంపుల పన్నెండు మందిమి కోలాటమేస్తం. కోలలు దొరక్క ప్లాస్టిక్ పైపులు కోసుకున్నం. మీరు రాసింది మస్తు పనికొస్తున్నది గని, పదిహేనో దాంట్ల కాల్వ దిక్కు తిరగాలె అని రాసిన్రు. ఖఫ్జీల కాల్వ ఏడున్నదక్కా? జర చెప్పున్రి."

నేను పడీ పడీ నవ్వాను. జయక్కకి మాత్రం మండింది. "కాలవ దిక్కంటే కాలవ దిక్కే. ఇంకెలా చెప్తారు?" అని ఎదురు నన్నే అడిగింది. తొమ్మిది కోపుల్లో కాలవ దిక్కు, ఆరింట్లో రోడ్డు దిక్కు, ఒకదాంట్లో సూరమ్మ గారి అరుగు దిక్కు అని రాయించింది. రాసిన నాకూ బుర్ర లేదు, అరుగు అంటే అదేదో కోలాటం మాట అనుకున్నాను. కొత్తలంకలో ఏడేళ్ళూ ఒకే చోట ఆడారు, వాళ్ళకి కుడీ ఎడమల అవసరమే పడలేదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని అన్నీ సరిచేశాం. ఆ తర్వాత గుంటూరు వైపు నుంచి ఎవరో వచ్చి మా పంతొమ్మిదో కోపు చెరిపేసి వాళ్ళ పద్ధతి రాశారు. జయక్క ఆ రోజు అన్నం తినలేదు. అందరిదీ అని నువ్వే అంటివి కదక్కా అని నేను గుచ్చాను. చివరికి ఒక కట్టుబాటు పెట్టాం, ఒకరిది ఇంకొకరు చెరపకూడదు, కింద మా ఊరి పద్ధతి అని రాసుకోవచ్చు. అప్పటికి పట్టికలో నలభై మందికి పైగా ఉన్నారు.

ఇలా అరవై మూడు కోపులు ఎక్కాయి. అరవై నాలుగో వరసలో 'జడ విప్పే కోపు' అని పేరు రాయించింది జయక్క, మిగతా గడులు నింపనివ్వలేదు.

జడ కోలాటం గురించి ఇక్కడ చెప్పాలి. పైన కొక్కేనికి పదహారు తాళ్ళు వేలాడతాయి. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కోల పట్టుకుని పదహారు మందీ లోపలికీ బయటికీ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటూ వస్తుంది. చూడ్డానికి అల్లడమే గొప్ప. నిజానికి విప్పడంలోనే ఉంది అంతా. ఎవరు ముందు కదలాలి, ఎన్ని చుట్లకి లోపలివాళ్ళు బయటికి రావాలి, విజిల్ మూడుసార్లు ఎక్కడెక్కడ పడాలి, ఒక్కటి తప్పినా ముడి పడుతుంది. జడ విప్పకుండా గుళ్ళో స్వామి కళ్యాణం రోజు ఆట ముగించడమంటే ఊరికే అరిష్టమని వాళ్ళ నమ్మకం. జయక్క వాళ్ళ మాస్టారు తన శిష్యులకి అన్నీ నేర్పాడు, ఆ ఒక్కటీ దగ్గర పెట్టుకున్నాడు. వాళ్ళ దాంట్లో అదే ఆచారమట. విప్పే కోపు ఎవరికి చెప్తే విజిల్ వాళ్ళది. చెప్పినాయన ఇక జన్మలో విజిల్ ముట్టకూడదు. జయక్కకి చెప్పాక మాస్టారు బతికిన నాలుగేళ్ళూ పక్కన కుర్చీలో కూర్చుని చూశాడు తప్ప నోరు విప్పలేదు.

"కావ్యకి విజిల్ అప్పిచ్చానే, కోపు ఇవ్వలేదు" అంది జయక్క నాతో. "మా ఆయన పోయాక మా ఊళ్ళో ఏ శుభకార్యానికీ నన్ను పిలవలేదు. కోలాటం మట్టుకు నేను లేకుండా మొదలెట్టలేదు ఎవరూ. ఆ ఒక్కటీ నా దగ్గరుంటేనే నేనెల్లేసరికి నా చోటు నాకుంటది."

నాకు అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోబుద్ధి కాలేదు. కావ్య వాళ్ళు పంపిన కళ్యాణం వీడియోలు నాకూ చూపించేది. రెండేళ్ళ వీడియోల్లో ఎక్కడా జడ కోలాటం లేదు. అది చూసి ఆవిడకి లోలోపల సంతోషం. పైకి మాత్రం "పాపం, నేను లేక జడ మానేసినట్టున్నారు" అనేది. ఆ పాపం వెనక ఎంత గర్వముందో నాకు తెలుసు.

ఈ ఏడు కళ్యాణానికి సెలవు మీద పోతాననే లెక్కలో ఉంది. పోయి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా వేయిస్తానని మా కఫీల్, అదే మేడమ్ భర్త, కూడా మాటిచ్చాడు. అంతలో మేడమ్‌కి మళ్ళీ నెల తప్పింది. డాక్టరు మంచం దిగొద్దందట. బిడ్డ పుట్టి ఆరు నెలలయ్యేదాకా ఉండమని మేడమే జయక్క చేయి పట్టుకుని అడిగింది. జయక్క సరేనంది. అడిగిన తీరు అలాంటిది, నేనైనా సరేననేదాన్నే. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో నిలబడ్డం మరీ కష్టమైపోయింది. ఫ్రిజ్ తలుపు తీస్తుంది, ఎందుకు తీసిందో మర్చిపోతుంది. ఉతికిన బట్టలు మళ్ళీ మిషన్లో వేస్తుంది. నడవాలో అటూ ఇటూ నడుస్తుంటే మంచంలోంచి మేడమ్ చప్పుడు విని "జయా, కూర్చో" అని కేకేసేది.

సరిగ్గా అప్పుడే మొండయ్య మెసేజ్. "అక్కా, గా అరవై నాలుగోది ఎప్పుడు పెడ్తరు? మా పోరగాళ్ళు జడ అల్లుతమని తాళ్ళు తెచ్చిన్రు. అల్లినంక జడ ఇప్పరాకుంటే ఇజ్జత్ పోతది." అదే వారంలో మరో ఇద్దరు అదే అడిగారు. జయక్క జవాబివ్వలేదు. నాకు రేగింది.

"మొండయ్య ఏం పాపం చేసినాడక్కా? ఆ ఖఫ్జీ ఎండలో పైపులు పట్టుకుని ఎగురుతాండారు. నువ్వు దాచిపెట్టుకున్నేది కోపు కాదు, నీ కుర్చీ."

"అవునే, నా కుర్చీయే" అంది. "నీకేం తెలుసు. నీకు అమ్ముంది, అన్నలున్నారు. నాకేముంది అక్కడ?"

నేను ఆ కుర్చీ మాట అనవలసింది కాదు, అన్నాను. రెండు రోజులు ఇద్దరం పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

మూడో రోజు పొద్దున్న నేను మేడ మీద బట్టలు ఆరేస్తుంటే జయక్క వచ్చింది. చేతిలో దారపు ఉండలు. "రాసుకో" అంది. ఎందుకు మనసు మారిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఈ ఏడు కూడా పోలేనని తేలిపోయింది కదా, ఎవరి ఇజ్జతో ఎందుకు పోవాలనుకుందేమో.

ఆరేసే కడ్డీ కొక్కేనికి పదహారు దారాలు కట్టింది. ఒక్కో దారం చివర బట్టల క్లిప్పు. ఎనిమిది నీలం, ఎనిమిది పసుపు, దారమూ క్లిప్పూ ఒకే రంగు. నేల మీద కూర్చుని, చిన్నగా పాట పాడుకుంటూ క్లిప్పుల్ని లోపలికీ బయటికీ జరుపుతూ పోయింది. పైన జడ అల్లుకుంటూ దిగింది. ఎంత ముచ్చటగా వచ్చిందో చెప్పలేను, నీలం దారం మీద పసుపు దారం పొలుసులు పొలుసులుగా.

"ఇప్పుడు విప్పుతాను, సూడు" అంది.

నీలం క్లిప్పు జరిపింది. ఒక చుట్టు బాగానే వచ్చింది, రెండో చుట్టుకి దారాలు పెనవేసుకున్నాయి. తప్పు పడిందంటూ చేత్తో సర్ది, ఈసారి పసుపుతో మొదలుపెట్టింది. మూడు చుట్లయ్యాక ముడి పడింది. మొత్తం ఊడదీసి మళ్ళీ మొదటి నుంచి అల్లింది. మళ్ళీ ముడి. పాట మార్చి చూసింది. లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, ఆడి చూసింది. విజిల్ వేసే చోట నాలుకతో టక్కుమనిపించేది, అక్కడే అనుమానంతో ఆగిపోయేది. ఎండ నెత్తి మీదికొచ్చింది. మేడమ్ రెండుసార్లు పిలిచింది. నేను దిగి పని చూసుకుని వచ్చేసరికి జయక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా దారాలన్నీ ముద్ద.

"రావట్లేదే" అంది.

"రేపు వస్తాదిలే అక్కా."

"రాదు. పోయింది. నేను ఏనాడూ ఆ తాడు పట్టుకుని తిరగలేదే, మధ్యలో నిలబడి వాళ్ళ కాళ్ళు చూసి విజిల్ వేసేదాన్ని. ఆ కాళ్ళు ఎదురుగా లేపోతే నాకు తెల్దు."

ఆ మాట చెప్తున్నప్పుడు ఆవిడ పాదాలు కదలకుండా ఉన్నాయి. ఏడాదిన్నరలో అలా చూడ్డం అదే మొదటిసారి. ఎన్నిసార్లు నిలబడి చావమని తిట్టుకున్నానో, అప్పుడు చూస్తే మాత్రం నాకు భయమేసింది.

నాలుగు రోజులు ప్రయత్నించింది. క్లిప్పులతో, కప్పులతో, చివరికి పిల్లల బొమ్మలతో. ఐదో రోజు మధ్యాహ్నం నా ఫోను అడిగి తీసుకుని, అరవై నాలుగో వరసలో తనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది. 'నాకు గుర్తు లేదు. తెలిసినవాళ్ళు రాయండి. జయ.' నలభై మంది చూస్తారు దాన్ని. రాశాక ఫోను నా ఒళ్ళో పడేసి వెళ్ళి గిన్నెలు తోముకుంది.

పావుగంట కాలేదు, కావ్య ఫోను. నేనే ఎత్తి స్పీకర్ పెట్టాను.

"జయక్క గారూ, మీరు మర్చిపోవడమేంటండీ?"

"మర్చిపోయానే. ఇంక నన్నడక్కు" అంది జయక్క గిన్నెల దగ్గర్నుంచే.

కావ్య నెమ్మదిగా అంది. "అక్కా, మేం విప్పుతూనే ఉన్నామండి. రెండేళ్ళూ కళ్యాణంలో జడ వేశాం."

జయక్క కొళాయి కట్టేసింది. "వీడియోలో లేదు కదే."

"ఆ ముక్క కోసేసి పంపేవాళ్ళం. మీరు బాధపడతారని."

"నీకెవరు చెప్పారు కోపు?"

"నాకు తెలీదండి. ఇప్పటికీ తెలీదు. మీరెళ్ళాక మొదటి కళ్యాణానికి ధైర్యం చేసి అల్లేశాం. విప్పేటప్పుడు నేను విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడిపోయాను. ఎక్కడ వేయాలో తెలీదు. అందరూ నన్నే చూస్తన్నారు. అప్పుడు ఉమాదేవి పిన్ని, 'ఎవరడుగు వాళ్ళకి తెలుసు కదే, ఏడేళ్ళు తిరిగాం, నడవండి' అంది. ఎవరి మటుకు వాళ్ళు నడిచారు. విడిపోయింది అక్కా. నా చోట కొత్తగా చేరిన ఆవిడకి నా అడుగు నేను నేర్పాను. అంతేనండి, మాలో ఎవరికీ మొత్తం తెలీదు, ఎవరి ముక్క వాళ్ళకి తెలుసు. ఆ గడి మాత్రం మీదని, ఎవరం ముట్టుకోలేదు."

నేను జయక్క వైపు చూడలేకపోయాను. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి ఫోను తీసుకుంది.

"అందర్నీ అడిగి చెప్పించు. ఎవరడుగు వాళ్ళని చెప్పమను" అంది. "నేను రాస్తాను."

మర్నాటికి పదహారు గొంతు మెసేజ్‌లు వచ్చాయి. ఒకావిడ గేదెకి గడ్డి వేస్తూ చెప్పింది, ఒకావిడ బస్సులోంచి చెప్పింది. అందరూ కాలవ దిక్కు, రోడ్డు దిక్కు అనే చెప్పారు. జయక్క మేడ మీద దారాలు కట్టుకుని, ఒక్కో మెసేజ్ విని ఒక్కో క్లిప్పు జరిపింది. పదహారూ జరిగాక జడ దానంతటదే విడిపోయి, దారాలు తిన్నగా వేలాడాయి. జయక్క ఇంకోసారి అల్లి, ఇంకోసారి విప్పింది.

తర్వాత రాయడానికి కూర్చుంది. జంటలు, దెబ్బలు, తిరగడం అన్నీ తను చెప్పింది, నేను కొట్టాను. చెప్పినవారు అన్న గడిలో పదహారు పేర్లూ రాయించింది, కొత్తావిడది కూడా. నీ పేరో అంటే తల అడ్డంగా ఊపింది. విజిల్ ఎప్పుడు అన్న గడి ఒక్కటే మిగిలింది. మాస్టారు తన చెవిలో చెప్పిన మూడు చోట్లూ ఇప్పుడామెకి గుర్తొచ్చాయి. వేళ్ళ మీద లెక్కపెట్టి నాకు చూపించింది కూడా.

"చెప్పక్కా, రాస్తా" అన్నాను.

ఫోను నా చేతిలోంచి తీసుకుంది. చాలాసేపు ఆ గడి వైపే చూసి, 'అక్కర్లేదు' అని తనే టైపు చేసింది.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు. మేడమ్ పిలుస్తోందని లేచి, మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ మామూలు మనిషిలా దిగి వెళ్ళింది.